మన హైదరాబాద్ గుండ్లు లావా నుంచి వచ్చినవేనా? పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మౌలాలి_సైన్స్‌టీచర్

అందరికీ నమస్కారం. అగ్నిశిలల పాఠం మొదలుపెట్టాలి. పుస్తకంలో ఉన్నది రెండు ముక్కలే: కరిగిన రాయి భూమి లోపల చల్లారితే గ్రానైట్, పైన చల్లారితే బసాల్ట్. మా బడి కిటికీలోంచి చూస్తే మౌలాలి గుట్ట కనిపిస్తుంది కాబట్టి పిల్లల ప్రశ్నలన్నీ దాని మీదే. ఇక్కడ ఒకప్పుడు అగ్నిపర్వతం ఉండేదా? ఈ గుండ్లు అది విసిరినవా? లోపల గట్టిపడిన రాయి అయితే ఇప్పుడు గుట్టగా పైన ఎందుకుంది? ఇంకొకరు అడిగింది: మా వంటింటి బండ నల్లగా ఉంది, అదీ గ్రానైటేనా?

ల్యాబ్ లేకుండా, తరగతి గదిలో చేతితో చేసి చూపించగలిగేవి ఏమైనా ఉంటే కొలతలతో సహా చెప్పండి.

జవాబు 1: గుట్టలబాట

టీచర్ గారూ, మౌలాలి గుండ్లను ఏ అగ్నిపర్వతమూ విసరలేదు. గోల్కొండవైనా, ఖాజాగూడవైనా, దుర్గం చెరువు చుట్టూ ఉన్నవైనా అంతే. ఆ రాయి లావాగా ఎన్నడూ పొంగలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, కొన్ని కిలోమీటర్ల లోతున కరిగి ఉన్న రాయి పైదాకా రాలేక అక్కడే గడ్డకట్టింది. దీన్ని మాటల్లో నమ్మించక్కర్లేదు, రాతి ముక్కే చూపిస్తుంది. గుట్ట మీద సుత్తి వేయకండి. ఇల్లు కడుతున్న చోట 40 ఎమ్మెమ్ కంకరలో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి, దానికి కొత్తగా పగిలిన ముఖం ఉంటుంది. నీళ్లతో తడిపి, ఎండలో పట్టుకుని, మెల్లగా తిప్పండి. గులాబీ రంగువో తెల్లవో గింజలు ఒక్కో కోణంలో అద్దం ముక్కల్లా తళుక్కుమంటాయి. అవి ఫెల్డ్‌స్పార్. వాటి మధ్య తడి గాజులా బూడిదరంగులో ఉండి, ఎటు తిప్పినా చదునైన ముఖం చూపించనిది క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి జాతి. చాకు మొనతో గీకితే రేకుల్లా లేచే నల్ల చుక్కలు అభ్రకం. గింజలు కందిపప్పు అంత నుంచి శనగ అంత ఉంటాయి. ఒకదాని అంచు పక్కదానిలోకి దూరి ఉంటుంది, నడుమ సందు ఉండదు, గాలి బుడగ జాడ కూడా ఉండదు.

ఈ గింజ సైజే అసలు సాక్ష్యం. కరిగిన రాయి చల్లారేటప్పుడు రెండు పనులు పోటీ పడతాయి. కొత్త స్ఫటికాల విత్తనాలు పుట్టడం ఒకటి, పుట్టినవి పెరగడం ఇంకొకటి. ఒక్కసారిగా చల్లారితే లక్షల విత్తనాలు ఒకేసారి పుడతాయి, దేనికీ పెరిగే సమయమూ చోటూ దొరకవు. అందుకే బసాల్ట్‌లో గింజలు కంటికి ఆనవు. మరీ వేగంగా చల్లారితే విత్తనమే పుట్టదు, గాజు తయారవుతుంది. నిదానంగా చల్లారితే తక్కువ విత్తనాలే పుట్టి, మిగిలిన ద్రవాన్నంతా పంచుకుని పెద్దవవుతాయి.

నిదానం అంటే ఎంతో పిల్లలే లెక్క వేయగలరు. పొర మందంలో సగాన్ని మీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 30తో భాగిస్తే చల్లారడానికి పట్టే ఏళ్లు ఉజ్జాయింపుగా వస్తాయి. ఒక మీటరు లావా పొరకు 3 రోజులు. 10 మీటర్లకు 10 నెలలు. కిలోమీటరు మందానికి 8,000 ఏళ్లు దాటుతుంది. 10 కిలోమీటర్ల ముద్దకు 8 లక్షల ఏళ్లు. మందం పదింతలైతే కాలం వందింతలవుతుందన్నది బోర్డు మీద వేసి చూపించండి. ఈ లెక్కలో వేడి రాతి గుండా మాత్రమే బయటికి పోతుంది. పైన వాన పడి నీళ్లు పగుళ్లలోకి దిగితే కథ మారుతుంది. 1959లో హవాయిలోని కిలావెయా ఇకి గుంతలో నిండిన లావా చెరువు లోతు 100 మీటర్లకు పైనే. మన లెక్క ప్రకారం దానికి 80 ఏళ్లకు తక్కువ కాకూడదు, కానీ సుమారు 35 ఏళ్లలోనే అడుగుదాకా గట్టిపడింది.

మరి గ్రానైట్ ద్రవం లోపలే ఎందుకు ఆగిపోయింది? పుస్తకాలు దాటేసే చోటు ఇదే. ఆ ద్రవంలో సిలికా (పలుగురాయిలో ఉండే పదార్థమే) 70 శాతం దాకా ఉంటుంది, కాబట్టి అది బంకలా చిక్కగా ఉంటుంది. దానిలో నీళ్లు కూడా కరిగి ఉంటాయి. లోతున ఒత్తిడికి ఆ నీళ్లు బయటికి పోలేవు. నీళ్లున్నంతసేపు అది 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా ద్రవంగానే ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, సోడా మూత తీసినట్టు నీరు ఆవిరిగా విడిపోతుంది. నీరు పోయిన గ్రానైట్ ద్రవంగా నిలవాలంటే 900 డిగ్రీలు దాటాలి, అంత వేడి దాని దగ్గర లేదు. దాంతో దారిలోనే బిగుసుకుపోతుంది. బసాల్ట్ ద్రవం పుట్టడమే 1,100 నుంచి 1,200 డిగ్రీల దగ్గర పుడుతుంది, పైగా పలుచన, నీళ్లూ తక్కువ. అందుకే అది భూమి పైదాకా పరుగెత్తి వస్తుంది.

ఇంకొక అపోహ కూడా ముందే తీసేయండి. భూమి పైపెంకు కింద అంతా కరిగిన రాయి సముద్రంలా ఉందని పిల్లలు అనుకుంటారు. కింద ఉన్న మాంటిల్ అనే మందపాటి పొర ఘనపదార్థమే. వేడి రాయి పైకి లేచి ఒత్తిడి తగ్గిన చోట, నీళ్లు లోపలికి చేరి కరిగే ఉష్ణోగ్రత పడిపోయిన చోట, కింది నుంచి వచ్చిన వేడి ద్రవం పైపెంకును కాల్చిన చోట మాత్రమే కరుగుతుంది. అప్పుడు కూడా మొత్తం కరగదు, కొంత భాగమే కరిగి పిండినట్టు వేరవుతుంది.

ఇక గుట్టగా పైకి ఎలా వచ్చిందంటారా, అది వచ్చిందనడం కంటే పైనున్నది పోయిందనడం సరి. వానలు, నదులు కోట్ల ఏళ్లుగా పైనున్న రాతిని అరగదీసి మోసుకుపోయాయి. బరువు తగ్గేకొద్దీ కింది పెంకు మెల్లగా లేస్తుంది, మళ్లీ అరుగుతుంది. ఒత్తిడి తగ్గిన గ్రానైట్ కొంచెం ఉబ్బి పగుళ్లిస్తుంది. నిలువు పగుళ్లు, అడ్డ పగుళ్లు కలిసి రాతిని పెట్టెలుగా కోస్తాయి. నేల లోపలే నీరు ఆ పగుళ్లలో దిగి ఫెల్డ్‌స్పార్‌ను మట్టిగా మారుస్తుంది. పెట్టె మూలల మీద నీటి దాడి మూడు వైపుల నుంచి, అంచుల మీద రెండు వైపుల నుంచి, ముఖం మీద ఒకవైపు నుంచే. అందుకే మూలలు ముందు కరిగి పెట్టె గుండు అవుతుంది. చుట్టూ మిగిలిన పొడి మనం పునాదుల్లో నింపే మొరమే. వానకు మొరం కొట్టుకుపోతే గుండు మీద గుండు పేర్చినట్టు బయటపడతాయి. ఎవరూ పేర్చలేదు, ఎక్కడివి అక్కడే ఉన్నాయి. కొత్తగా తవ్విన సెల్లార్ గోడలో మొరం మధ్య ఇంకా బయటపడని గుండ్లు కనిపిస్తాయి. పిల్లలకు దూరం నుంచే అయినా అది తప్పక చూపించండి.

జవాబు 2: నల్లబండ

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. వంటింటి బండ సంగతి నేను చెబుతాను.

మార్కెట్‌లో గ్రానైట్ అంటే గట్టిగా ఉండి పాలిష్ పట్టే రాయి అని మాత్రమే. భూగర్భశాస్త్రంలో గ్రానైట్ అనాలంటే క్వార్ట్జ్ కనీసం ఐదో వంతు ఉండాలి, మిగిలినదానిలో ఎక్కువ భాగం ఫెల్డ్‌స్పార్ ఉండాలి. నిగనిగలాడే నల్ల బండల్లో క్వార్ట్జ్ దాదాపు ఉండదు. అవి డోలరైట్, గాబ్రో జాతులు, అంటే బసాల్ట్ పైకి రాకుండా లోపలే చల్లారితే అయ్యే రాళ్లు. ఒంగోలు దగ్గర చీమకుర్తి నుంచి వచ్చే, నల్లటి ఆకాశంలో బంగారు చుక్కలున్నట్టుండే బ్లాక్ గెలాక్సీ కూడా గాబ్రో జాతే. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. కరీంనగర్ టాన్ బ్రౌన్ మాత్రం గ్రానైట్ జాతే, దానిలోని గోధుమరంగు పలకలు ఫెల్డ్‌స్పార్. తాండూరు బండ, షాబాద్ బండ అసలు అగ్నిశిలలే కావు, సున్నపురాళ్లు. నిమ్మరసం చుక్క వేస్తే మెల్లగా నురుగు కడతాయి, మెరుపు పోతుంది. గ్రానైట్ మీదా, నల్ల బండ మీదా ఏమీ కాదు.

నల్లరాయి కోసం దూరం వెళ్లక్కర్లేదు కూడా. హైదరాబాద్ చుట్టూ గ్రానైట్‌ను చీల్చుకుంటూ నల్లటి గోడల్లాంటి చారలు చాలా ఉన్నాయి, వాటిని డైక్‌లు అంటారు. గ్రానైట్ గట్టిపడిన చాలా కాలం తర్వాత అది పగిలి, ఆ పగుళ్లలోకి బసాల్ట్ ద్రవం ఎక్కి డోలరైట్ అయింది. ఏది ముందు, ఏది వెనక అన్నది చూపించడానికి ఇంతకు మించిన పాఠం లేదు. కోసుకుంటూ పోయేది వయసులో చిన్నది, కోతపడినది పెద్దది. 1785లో స్కాట్లాండ్‌లోని గ్లెన్ టిల్ట్ దగ్గర భూగర్భశాస్త్రవేత్త జేమ్స్ హటన్ పట్టుకున్నది ఈ తర్కాన్నే. అక్కడ కోసింది గ్రానైట్. పాత రాతిలోకి గ్రానైట్ తీగల్లా చొరబడి ఉండటం చూసి, అది సముద్రంలో పేరుకున్నది కాదు, ద్రవంగా ఉండి ఎక్కినదే అని నిరూపించాడు.

డైక్ కనిపిస్తే అంచు నుంచి మధ్యకు వేలు పెట్టి జరపండి. గ్రానైట్‌ను తాకిన అంచులో రాయి పలక బలపంలా నునుపుగా, గింజ కనిపించకుండా ఉంటుంది. మధ్యకు పోయేకొద్దీ నువ్వుగింజంత తెల్లటి పుల్లలు మొదలవుతాయి. ఒకే ద్రవం, ఒకే రోజు ఎక్కింది, కానీ అంచుకు చల్లటి గ్రానైట్ తగిలింది, మధ్య వెచ్చగా ఉండిపోయింది. పాఠమంతా ఆ జానెడు దూరంలో ఉంది.

మౌలాలి_సైన్స్‌టీచర్

ఇద్దరికీ చాలా ధన్యవాదాలు. ఒక అనుమానం. బడి వెనక బండలో బెత్తెడు వెడల్పు చార ఒకటి ఉంది. దానిలో అరచేయంత గులాబీ పలకలు, తెల్ల పలుగురాయి గడ్డలు ఉన్నాయి. పెద్ద గింజ అంటే నిదానం అన్నారు కదా. మరి ఈ సన్నటి చార చుట్టూ ఉన్న గ్రానైట్ కంటే నిదానంగా చల్లారిందనుకోవాలా? లెక్క ప్రకారం కుదరడం లేదు.

జవాబు 3: కొలత_ముఖ్యం

మీ లెక్కే సరి. ఆ చార నిదానంగా చల్లారలేదు. అది పెగ్మటైట్.

గ్రానైట్ గట్టిపడుతున్నప్పుడు స్ఫటికాలు కట్టేది ఎక్కువగా నీళ్లు లేని ఖనిజాలే. కాబట్టి మిగిలిన ద్రవంలో నీరు, బోరాన్, ఫ్లోరిన్ లాంటివి పేరుకుపోతాయి. చివరి గుక్క పలుచబడుతుంది, అణువులు సులువుగా కదులుతాయి, విత్తనాలు మాత్రం తక్కువ పుడతాయి. దాంతో తక్కువ కాలంలోనే అరచేయంత స్ఫటికాలు తయారవుతాయి. నెల్లూరు ప్రాంతపు గూడూరు గనుల్లో పలకలు పలకలుగా దొరికిన అభ్రకం ఇలాంటి పెగ్మటైట్‌లదే. గింజ సైజు చల్లారిన వేగాన్ని చెబుతుందన్న సూత్రం నీళ్లు తక్కువున్న ద్రవాలకు బాగా పనిచేస్తుంది, పెగ్మటైట్ దగ్గర తప్పుతుంది. పిల్లలకు ఈ మినహాయింపు దాచకండి, ప్రశ్న మీలాగే వాళ్లకూ వస్తుంది.

ఇక చేతి పరీక్షలు. మొదటిది పటికతో. కిరాణా కొట్లో దొరికే తెల్ల పటిక 60 గ్రాములు పొడి కొట్టి, 200 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, 60 డిగ్రీల దాకా వేడిచేస్తూ పూర్తిగా కరిగించండి. మరగనివ్వకండి, నీరు ఇంకిపోతే కొలత తప్పుతుంది. వేడిగా ఉండగానే పలుచని నూలుగుడ్డ రెండు మడతల్లోంచి వడకట్టి రెండు స్టీలు గ్లాసుల్లో సగం సగం పోయండి. ఒకటి ఐసు ముక్కల గిన్నెలో పెట్టి చెంచాతో తిప్పుతూ ఉండండి, కాసేపట్లోనే ఇసుకలాంటి పొడి అడుగున దిగుతుంది. రెండోదానికి మూతపెట్టి, తువ్వాలు చుట్టి, హాట్‌బాక్స్‌లో పెట్టి తెల్లారేదాకా ముట్టుకోకండి. అడుగున ముఖాలు తేలిన పెద్ద స్ఫటికాలు కనిపిస్తాయి.

ఇది చెడేది ఎక్కువగా మూడు చోట్ల. కరగని పొడి మిగిలితే ప్రతి రేణువూ విత్తనమై నిదానం గ్లాసులోనూ చిన్న గింజలే వస్తాయి, వడకట్టమన్నది అందుకే. పిల్లలు మధ్యలో మూత తీసి గ్లాసు కదిపితే అదే జరుగుతుంది. రాత్రంతా ఉంచినా ఏమీ రాకపోతే విత్తనం పుట్టలేదన్నమాట, ఒక చిన్న పటిక గింజ వేస్తే మొదలవుతుంది. ఇది ద్రావణం, శిలాద్రవం కాదు అన్నది కూడా చెప్పండి. విత్తనాలకూ ఎదుగుదలకూ మధ్య పోటీ మాత్రం రెండింట్లో ఒకటే. నిజం రాతితోనే ఈ ప్రయోగం చేసినవాడు స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ హాల్. 1798లో ఆయన నల్లరాతిని కొలిమిలో కరిగించాడు. వేగంగా చల్లారిస్తే గాజు వచ్చింది, నిదానంగా చల్లారిస్తే మళ్లీ గింజలున్న రాయే వచ్చింది.

రెండోది సాంద్రత. ఇంట్లో పిండి తూచే ఎలక్ట్రానిక్ కాటా, ఒక గ్రాము తేడా చూపించేది చాలు. 300 నుంచి 500 గ్రాముల రాయి తీసుకోండి. ముందు పొడిగా తూచండి. తర్వాత కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. రాయికి సన్నటి దారం కట్టి, చేత్తో పట్టుకుని పూర్తిగా మునిగేలా, కానీ అడుగుకు తగలకుండా వేలాడదీయండి. కాటా చూపే గ్రాములే రాతి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. పొడి బరువును దానితో భాగించండి. 400 గ్రాముల రాయికి 150 వస్తే 2.67, అది గ్రానైట్ వైపు. 138 వస్తే 2.9, డోలరైట్ లేదా బసాల్ట్ వైపు. గ్రానైట్ మామూలుగా 2.6, 2.7 మధ్య ఉంటుంది, నల్లవి 2.8 నుంచి 3.0 దాకా. ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న ఖనిజాలు నల్లగానూ ఉంటాయి, బరువుగానూ ఉంటాయి. రాయి అడుగుకు తగిలితే కాటా రాతి బరువునే చూపించేస్తుంది, ఎక్కువమంది చేసే తప్పు అదే.

జవాబు 4: గుట్టలబాట

ఒక రోజు బస్సు దొరికితే పిల్లలను వికారాబాద్ వైపు తీసుకెళ్లండి. పైన చల్లారిన రాయి అక్కడి నుంచి మొదలవుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమ భారతంలో పొరలు పొరలుగా పొంగిన దక్కన్ లావాకు అది తూర్పు అంచు. ఇప్పటికీ ఆ రాయి దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకుని ఉంది. పడమటి కనుమల్లో మందం 2 కిలోమీటర్ల దాకా పోతుంది, మన దగ్గర పలుచబడుతుంది. నగరం చుట్టూ ఎర్రటి చెల్క నేల, అటు పోతే నల్లరేగడి. కింది రాయి మారిందని నేలే చెబుతుంది. అనంతగిరి గుట్టల నెత్తిన ఉన్న ఎర్రటి చిల్లుల రాయి లావా అనుకోకండి. అది బసాల్ట్ లక్షల ఏళ్లు వానలకు నాని, ఇనుము మిగిలి గట్టిపడిన లేటరైట్.

బసాల్ట్ కోత కనిపిస్తే ఒక్కో లావా పొరను వేరు చేసి చూపించవచ్చు. పొర పైభాగం బుడగల చిల్లులతో ఉంటుంది, వాయువు పైకి తేలుతూ అక్కడ చిక్కుకుపోయింది. మధ్యభాగం దట్టం. చాలా చిల్లులు తర్వాత వచ్చిన నీటితో జియోలైట్, కాల్సైట్, అకీక్ (అగేట్) లాంటి ఖనిజాలు నిండి తెల్లటి బఠాణీల్లా కనిపిస్తాయి. చిల్లుల పొర మీద మళ్లీ దట్టమైన రాయి మొదలైందంటే కొత్త లావా వచ్చిందన్నమాట. రెండు పొరల మధ్య ఎంత వ్యవధి ఉండేదంటే చెరువులు ఏర్పడి, జీవులు బతికాయి. వికారాబాద్ దగ్గరి నాస్కల్‌లో అలాంటి నడిమి పొరలోనే డైనోసార్ల కాలపు చిన్న క్షీరదాల పళ్లు దొరికాయి.

లావా చల్లారి కుంచించుకుపోతే ఆరు పలకల స్తంభాలుగా పగులుతుంది. ముంబయి అంధేరీలోని గిల్బర్ట్ హిల్ ఫొటో చూపించండి. చెరువు ఎండితే బురద పగిలినట్టే, కాకపోతే ఇక్కడ పోయింది నీరు కాదు, వేడి.

మౌలాలి_సైన్స్‌టీచర్

పటిక ప్రయోగం బాగా వచ్చింది. సాంద్రత దగ్గర ఆగాం. గుట్ట కింద దొరికిన గులాబీ రాయి 512 గ్రాములు. నీళ్లలో వేలాడదీస్తే 212 చూపించింది, అంటే 2.42. అడుగుకు తగల్లేదు. పైగా అంకె నిలవడం లేదు, మెల్లగా తగ్గుతోంది.

జవాబు 5: కొలత_ముఖ్యం

కాటా బాగానే ఉంది, రాయే చీకిపోయింది. గుట్ట కింద పడి ఉన్న ముక్కకు పైపొర మొరం అయ్యే దారిలో ఉంటుంది, లోపల సన్నటి సందులు నిండా గాలి. ముంచగానే నీరు ఆ సందుల్లోకి దూరుతుంది, అందుకే అంకె తగ్గుతూ పోతోంది. నీళ్లలో దారం పక్కనే చూడండి, వెంట్రుకంత బుడగల వరస పైకి వస్తూ ఉంటుంది. ఫెల్డ్‌స్పార్ గింజను గోటితో గీకి చూడండి, తెల్లటి పొడి రాలితే అది మట్టిగా మారిపోయింది. గోనెపట్టాలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని పెద్దవాళ్లెవరైనా పగలగొట్టండి. నడిమధ్యలో మెరుపు తగ్గని ముక్క దొరికితే దాన్ని తూచండి, 2.6 దాటుతుంది. పైపొర ముక్కను కూడా పక్కన ఉంచుకోండి, గుండు ఎలా గుండ్రమైందో చెప్పే రోజు అది కావాలి.